‘ఎవడు పడినా’: మూడు వాక్యాల పిలుపుకు టీకా తాత్పర్యం

మన మెదక్ సీమవాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు టీక రాస్తూ, మూలంలో లేని మాట రాయననీ, అక్కరలేని మాట చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. తర్వాతి వ్యాఖ్యాతల్లో ఆ ఒట్టు నిలబెట్టుకున్నవాళ్లు తక్కువ. ఈ వ్యాఖ్యకు ఎత్తుకున్న మూలం మూడంటే మూడు వాక్యాలు. మూలం చిక్కినకొద్దీ టీక ఒళ్లు చేయడం లోకరీతి కనక పాఠకులు ఓర్చుకోవాలి.

మూలం: “మామా, ఈ పౌర్ణమికి ఫంగన్ పోదాం. రూము సగం, బండి సగం, బకెట్ సగం. ఎవడు పడినా రెండోవాడు రూముకి చేర్చాలి.”

అర్ధరాత్రి దగ్గరపడ్డాక ఒక మిత్రుడు మరో మిత్రుడి ఫోనుకు పంపే సందేశాల జాతి ఇది. కర్త ఫలానా అని చెప్పడానికి లేదు. కర్త లేని వాక్యాలను మీమాంసకులు అపౌరుషేయాలన్నారు. ఈ వాక్యానికి కర్త ఉన్నా తెల్లారాక ఒప్పుకోడు కాబట్టి ఆ గౌరవం దీనికీ చెల్లుతుంది. ఇక ప్రతిపదార్థం. మామా = ఓ నేస్తమా (మేనమామ కాడు; మేనమామను వెంటబెట్టుకుని ఈ దీవికి ఎవరూ పోరు); ఈ పౌర్ణమికి = రాబోయే నిండు చంద్రుడి రాత్రికి; ఫంగన్ = కో ఫంగన్ అనే దీవికి; పోదాం = టికెట్ల ధరలు నువ్వు చూడు; రూము = పంకా ఉండి ఏసీ లేని కొబ్బరితోట గుడిసె; బండి = అద్దె స్కూటరు; బకెట్ = పిల్లలు ఇసుకలో ఆడుకునే ప్లాస్టిక్ బకెట్‌లో కలిపిన మద్యం; సగం = చెరి సగం; ఎవడు పడినా = మనిద్దరిలో ఎవడు ఒరిగినా; రెండోవాడు = ఒరగనివాడు; చేర్చాలి = చేర్చవలసినది. మాటలకు అర్థాలు ఇంతటితో సరి. కష్టమంతా తాత్పర్యంలో ఉంది. ఈ మూడింటిలో అసలు చెప్పదలచుకున్నది ఏ వాక్యం? మొదటిదని లోకం అనుకుంటుంది. మూడోదని ఈ వ్యాఖ్య సిద్ధాంతం.

ముందు స్థలనిర్ణయం, ఎందుకంటే ఫంగన్‌ను ఫుకెట్ పక్కదనుకునేవాళ్లు చాలామంది. ఫుకెట్ అండమాన్ సముద్రం వైపుది. ఫంగన్ అవతలి గట్టున, థాయ్‌లాండ్ సింధుశాఖలో, దక్షిణాన సముయ్ దీవికీ ఉత్తరాన తావ్ దీవికీ నడుమ ఉంటుంది. పాలన సూరత్ తానీ రాష్ట్రానిది. ఆ రాష్ట్రానికి ఆ పేరు ఆరవ రాముడనే థాయ్ రాజు 1915లో మన గుజరాత్ సూరత్‌ను తలుచుకుని పెట్టాడు, అక్కడి నదిని కూడా తాపీ అనే పిలిపించాడు. (ఇది మూలంలో లేదు, మల్లినాథుడి ఒట్టు ఇక్కడ తెగింది.) దీవికి విమానాశ్రయం లేదు. బ్యాంకాక్ నుంచి రాత్రి రైలెక్కి సూరత్ తానీలో దిగి, బస్సులో దోన్‌సక్ రేవుకు పోయి ఓడెక్కాలి, లేదా సముయ్ దాకా ఎగిరి అక్కడ పడవెక్కాలి. ఓడ ఆగేది తోంగ్ సాలా అనే రేవు ఊళ్లో. వేడుక జరిగేది అక్కడ కాదు, ఆగ్నేయపు కొసన సన్నగా సాగిన హాద్ రిన్ అనే నేలముక్క మీద. దానికి సూర్యోదయం వైపు ఒక ఇసుకతీరం, అస్తమయం వైపు ఒకటి, నడుమ నడిచి దాటేంత దూరం. కొబ్బరితోటలూ చేపల వేటా ఆధారంగా బతికిన ఈ దీవికి 1980ల్లో వీపుసంచుల యాత్రికులు కొందరు చేరి, తూర్పు తీరపు గుడిసెల ముందు ఒక పౌర్ణమి రాత్రి ఆడారు, పాడారు. ఏ సంవత్సరం, ఎవరి వీడ్కోలుకు, ఎవరి పుట్టినరోజుకు అన్నదాంట్లో పాఠభేదాలున్నాయి. అప్పటి పదుల మంది ఇప్పుడు రద్దీ నెలల్లో వేలకు చేరారు. 2023 నవంబరులో థాయ్ ప్రభుత్వం భారతీయులకు వీసా మినహాయించడంతో హైదరాబాదులో కూర్చుని ‘పోదాం’ అనడం మరింత తేలికైంది.

ఇక పూర్వపక్షం. తాత్పర్యం చంద్రుడేనని ఒకరంటారు. వేడుక పేరే ఫుల్ మూన్ పార్టీ, మూలంలోనూ పౌర్ణమి అనే మాట ముందే ఉంది, చంద్రుడు కారణం, పోవడం కార్యం అని వాళ్ల వాదం. పైకి బాగానే ఉంది కానీ అన్వయ వ్యతిరేకాల పరీక్షకు నిలవదు. కారణం ఉన్నచోట కార్యం ఉండాలి, కారణం లేనిచోట కార్యం ఉండకూడదు. ఇక్కడ రెండూ తలకిందులు. థాయ్ బౌద్ధులకు మాఘ బూచా, విశాఖ బూచా, ఆసాళ్హ బూచా అనే పుణ్యదినాలున్నాయి. మన మాఘ, వైశాఖ, ఆషాఢ పౌర్ణములకు అవి తోబుట్టువులు. ఆ రోజుల్లో మద్యం అమ్మకంపై ఆంక్షలుంటాయి కాబట్టి వేడుకను ముందుకో వెనక్కో జరుపుతారు. అంటే ఏడాదిలో అత్యంత పవిత్రంగా వెలిగే చంద్రుడున్న రాత్రే పార్టీ ఉండదు. సరే, చంద్రుడు లేని రాత్రి? అమావాస్య చుట్టుపక్కల బాన్ తాయ్ గ్రామంలో బ్లాక్ మూన్ పార్టీ జరుగుతుంది. చంద్రుడు సగమున్నప్పుడు హాఫ్ మూన్ పార్టీ, అదీ నెలకు రెండుసార్లు. డిసెంబరు 31న తిథి ఏదైనా హాద్ రిన్ నిండిపోతుంది. కారణం ఉన్నప్పుడు లేకుండా, లేనప్పుడు ఉండే కార్యాన్ని దాని కార్యమని తార్కికుడెవడూ ఒప్పుకోడు. పైగా తూర్పు తీరంలో పౌర్ణమి చంద్రుడు సాయంసంధ్యవేళ సముద్రంలోంచి లేస్తాడు. అప్పటికి జనం ఒంటికి మెరుపురంగులు పూసుకునే పనిలో ఉంటారు. నడిరాత్రి నెత్తిమీదికొస్తాడు, మెడ ఎత్తేవాడుండడు. తెల్లవారుజామున పడమటి కొండల వెనక దిగిపోతాడు, జనం తూర్పుకేసి సూర్యుడి కోసం చూస్తుంటారు. కాకి వాలిన ఇల్లే దేవదత్తుడిదని దారి అడిగినవాడికి చెబితే, కాకి ఎగిరిపోయినా ఇల్లు దేవదత్తుడిదే. చంద్రుడికి ఈ దీవిలో ఆ కాకి ఉద్యోగం దొరికింది. అంతకుమించి లేదు.

ప్రకృతి సౌందర్యం తాత్పర్యమనేవాళ్లకు జవాబు పొడవక్కరలేదు. అందం కోసమైతే ఇదే దీవిలో తాన్ సదెత్ సెలయేరుంది. అయిదవ రాముడు చులాలోంగ్‌కోర్న్ 1888లో మొదటిసారి వచ్చి, మళ్లీ మళ్లీ వచ్చి, అక్కడి బండల మీద తన పేరు పొడి అక్షరాలు చెక్కించుకున్నంతగా మెచ్చిన చోటది. ఉత్తరాన కొండదారిలోనో పడవలోనో చేరుకునే బాటిల్ బీచ్ ఉంది. మూలం వీటిలో దేన్నీ పలకలేదు. సినిమాలో చూసిన తీరం కోసం అంటారా, 2000లో వచ్చిన ‘ద బీచ్’ సినిమా తీరం ఫీఫీ దీవుల మాయా బే. అది అవతలి సముద్రంలో ఉంది. జనం తాకిడికి పాడైపోయి 2018 నుంచి 2022 దాకా మూసివేశారు కూడా. అక్కడికి పోదలచినవాడు ఫంగన్ అనడు.

ఇప్పుడు అసలు వాదం. వాక్యాల గుంపులో విధి ఏదో పోల్చుకోవడానికి మీమాంసకులు వాడే కొలత ఒకటుంది. మనిషి తన కోరికతో తానే చేసే పనిని చేయమని శాసించడం వ్యర్థం. అది రాగప్రాప్తం. ఆకలేసినవాడికి తినమని శాస్త్రం చెప్పనక్కరలేదు. ఎప్పుడు తినకూడదో, ఎవరికి పెట్టి తినాలో చెబితే దానికి పని ఉంటుంది. ఈ కొలత పట్టుకుని మూలాన్ని చూడండి. పాతికేళ్లవాడికి సముద్రతీరంలో రాత్రంతా ఆడమని ఎవరూ విధించాల్సిన పనిలేదు. వాడి సెలవుల పట్టికే ఆ పని చేస్తుంది. కాబట్టి మొదటి వాక్యం అర్థవాదం, అంటే అసలు విధి మీదికి మనసు మళ్లించడానికి చేసే పొగడ్త. క్రియారూపాలు కూడా ఇదే సాక్ష్యం చెబుతున్నాయి. మొదటి వాక్యంలో ‘పోదాం’ ఆహ్వానం, కాదనడానికి వీలున్న మాట. రెండో వాక్యంలో క్రియే లేదు. తప్పనిసరిని చెప్పే క్రియ మూలం మొత్తం మీద ఒక్కటే: ‘చేర్చాలి’. అది ఎవడికీ సహజంగా కలిగే కోరిక కూడా కాదు. తెల్లవారుజామున నాలుగింటికి, చెవుల్లో డప్పు మోగుతుండగా, డెబ్బై కిలోల మిత్రుణ్ని భుజాన వేసుకుని కొబ్బరితోటల మధ్య గుడిసె వెతకాలని ఉబలాటపడేవాణ్ని ఏ దీవీ చూడలేదు. కోరికకు అందని పని కాబట్టే దానికి విధి కావలసి వచ్చింది. ఉపక్రమ ఉపసంహారాల పొందిక కూడా చూడాలి. మూలం మొదలైంది ‘మామా’ అని రెండో మనిషిని పిలిచి. ముగిసింది ఆ రెండో మనిషి పనితో. నడుమ వచ్చిన పౌర్ణమి, రూము, బండి, బకెట్ ఈ రెండు కొసలకూ కట్టిన తోరణం.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. తాత్పర్యాన్ని పట్టిచ్చే గుర్తుల్లో అభ్యాసం ఒకటి కదా, అంటే ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం. ‘సగం’ అనే మాట మూడుసార్లు వచ్చింది. అయితే పంచుకోవడమే తాత్పర్యం, ఇది స్నేహవాక్యం కాదు, ఖర్చుల ఒప్పందం అని పూర్వపక్షి. ఈ ఆక్షేపణలో నిజముంది. దీవి లెక్కలన్నీ జంటకే అనువుగా ఉంటాయి. గుడిసె అద్దె మనిషికి కాదు, గుడిసెకు. బండి అద్దె రోజుకు, ఎక్కినవాళ్లు ఒకరైనా ఇద్దరైనా. పౌర్ణమి వారంలో చాలా బసలు మూడు నాలుగు రాత్రులకు తక్కువ గది ఇవ్వవు. ఒంటరివాడు ఆ రాత్రులన్నిటికీ మొత్తం చెల్లించాలి. అయినా, మూడుసార్లు వచ్చిన ‘సగం’ నాలుగోచోట ఎందుకు రాలేదు? ‘ఎవడు పడినా రెండోవాడు సగం దూరం చేర్చాలి’ అని మూలం అనలేదు. మోత విషయానికొచ్చేసరికి వాటా పోయి మొత్తం ఒకడి మీద పడింది. మూడుసార్లు ఉత్సర్గం, అంటే సాధారణ నియమం చెప్పి, నాలుగోసారి అపవాదం, అంటే మినహాయింపు చెప్పడం శాస్త్రకారుల అలవాటే. అభ్యాసం మాటను చెవికి పట్టించింది, అది తప్పిన చోట చెవి ఆగేందుకే. ఆ సగాలన్నీ చేర్చడానికి అంగాలు, స్వతంత్రాలు కావు. రూము ఒక్కటైతేనే చేర్చడానికి ఒక గమ్యం ఉంటుంది. రెండు రూములైతే ఎవడి గుమ్మంలో ఎవణ్ని దించాలో తేలదు. ఇక్కడ తాళంచెవి మాట కూడా చెప్పాలి. ఇలాంటి గుడిసెలకు మామూలుగా తాళం ఒక్కటి, చెవి ఒక్కటి. అది జేబులో ఉన్నవాడు పడిపోతే, పడనివాడు కూడా ఇసుకలోనే పడుకోవాలి. చెవి ఎవడి దగ్గరుండాలో మూలం చెప్పలేదు కానీ, ‘రెండోవాడు’ అనే పదంలో ఆ సమాధానం అధ్యాహారంగా ఉంది.

బకెట్ దగ్గర కాస్త నిలబడాలి. మూలంలో అత్యంత లోతైన పాత్ర అదే. అందులో పోసేది సాధారణంగా చెరకు నుంచి తీసిన సాంగ్‌సోమ్ రమ్మో, స్థానిక విస్కీయో ఒక చిన్న సీసా, కోలా ఒక డబ్బా, క్రాతింగ్ డేంగ్ లాంటి శక్తి పానీయం ఒక సీసా, మంచుముక్కలు, పైన నాలుగైదు స్ట్రాలు. సీసా 350 మిల్లీలీటర్లదైతే, బలం నూటికి 40 పాళ్లయితే, అందులో శుద్ధ మద్యం 140 మిల్లీలీటర్లు, తూకం సుమారు 110 గ్రాములు. అంటే చిన్న బీరు సీసాలు ఎనిమిదికి పైన. సగమన్నా నాలుగు. తీపి వల్ల నాలుక దాన్ని పోల్చుకోదు. మద్యం మందగింపజేస్తే, శక్తి పానీయంలోని కెఫీన్ ఆ మందగింపు తెలియనివ్వదు. ఒళ్లు తూలుతూనే ఉంటుంది, ‘నేను బాగానే ఉన్నాను’ అన్న భావన మాత్రం చెక్కుచెదరదు. ప్రమాణశాస్త్రంలో దీనికన్నా పెద్ద చిక్కు లేదు. తన స్థితి తనకు ప్రత్యక్షమని అందరూ నమ్ముతారు. ఈ పానీయం సరిగ్గా ఆ ప్రత్యక్షాన్నే చెడగొడుతుంది. అనుమానం చేయడానికి బుద్ధి నిలకడగా లేదు. ఇక మిగిలిన ప్రమాణం శబ్దం ఒక్కటే, అంటే నమ్మదగిన మరో మనిషి మాట. ‘చాల్రా మామా, లే’ అనే ఆప్తవాక్యం. ఆ మాట అనడానికి కౌంటర్ వెనకున్న అమ్మకందారు ఆప్తుడు కాడు, రెండో బకెట్ అమ్మడం అతని బతుకుతెరువు. కిరసనాయిల్లో తడిపి ముట్టించిన తాడును ఇద్దరు తిప్పుతుంటే మధ్యలో గెంతమని పిలిచేవాళ్లూ ఆప్తులు కారు. ఈ జ్ఞానం రెండోవాడి నోటినుంచి తప్ప వేరే దారిలో రాదు. ఇంకే విధంగానూ తెలియనిదాన్ని తెలిపే వాక్యమే అసలు వాక్యమని అపూర్వత అనే గుర్తు చెబుతుంది. ఆ గుర్తు కూడా మూడో వాక్యం వైపే మొగ్గింది.

అయితే మూలంలో స్వవిరోధం ఉందని ఇక్కడ గట్టి ప్రశ్న లేస్తుంది. బకెట్ సగమంటే ఇద్దరూ సమానంగా తాగుతారు. సమానంగా తాగితే సమానంగా పడతారు. ఇద్దరూ పడితే చేర్చేవాడెవడు? రెండో వాక్యం మూడోదాన్ని నరికేస్తోంది కదా. దీన్ని కొందరు టీకాకారులు దాటవేశారు, కొందరు శరీర తత్వాలు వేరని సర్దారు. రెండూ బలహీనమే. అర్థాపత్తితో చూస్తే ముడి విడిపోతుంది. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని ఊహించక తప్పదు. అలాగే ‘ఎవడు పడినా రెండోవాడు’ అన్న మాట నిలవాలంటే, ఏ క్షణంలోనైనా ఒకడు నిలబడి ఉండాలని ఊహించక తప్పదు. కాబట్టి సగమనేది రాత్రికి కాదు, యాత్రకు వర్తిస్తుంది. ఒక రాత్రి ఒకడిది, ఇంకో రాత్రి ఇంకొకడిది. పౌర్ణమి నెలకు ఒక్కసారే కదా, రెండోవాడి వంతు ఎప్పుడని అడగవచ్చు. ఆ అవకాశం దీవే ఏర్పాటు చేసి పెట్టింది. పౌర్ణమికి వారం ముందూ వారం తర్వాతా హాఫ్ మూన్ రాత్రులున్నాయి, కాస్త ఓపిక పడితే బ్లాక్ మూన్ ఉంది. చంద్రుడు కారణం కాదని పైన చెప్పిన వాదం ఇక్కడ ఇంకో రకంగా అక్కరకొస్తోంది. అన్ని కళలకూ వేడుకలున్నాయి కనకే వంతులు సాధ్యమవుతున్నాయి. మొదటి వంతు ఎవడిదనే దానికి శాస్త్రనియమం లేదు, అది వికల్పం. సందేశం పంపినవాడు మొదటి వంతు తనదనుకుంటాడు, టికెట్లు కొన్నవాడు తనదనుకుంటాడు. కొన్నవాడి పక్షమే బలమైనది. (‘పడినా’ అనే మాట కిందికి ప్రేమలో పడడం వస్తుందా అన్నది వేరే వివాదం. ఆ సందర్భంలో రూముకి చేర్చడం మిత్రధర్మానికే విరుద్ధం కనక రాదనే పక్షానికి మద్దతు ఎక్కువ.)

బండి సంగతి. థాయ్‌లాండ్‌లోనూ రోడ్డుకు ఎడమపక్కనే నడపాలి. మనవాళ్లకు ఆ దీవి రోడ్డు తొలిచూపులోనే సొంతూరు రోడ్డులా కనబడటం అందుకే, ప్రమాదమూ అక్కడే. బాన్ తాయ్ దాటాక హాద్ రిన్ వైపు దారి కొండలెక్కి దిగుతుంది. ఏటవాలు ఎక్కువ, మలుపులు ఎక్కువ, వానపడితే నున్నటి జారుడు, పక్కన ఇసుక. ఆ దారి గుర్తుగా మోకాలికీ పిక్కకూ వచ్చే గాయానికీ, సైలెన్సరు కాల్చిన మచ్చకూ ఫంగన్ టాటూ అని పేరే పడింది. మోటారుసైకిల్ లైసెన్సూ, దానికి తోడు అంతర్జాతీయ అనుమతి పత్రమూ లేకుండా నడిపి పడితే ప్రయాణ బీమా చెల్లకపోవడం మామూలు. అద్దె దుకాణాలు కొన్ని పాస్‌పోర్టును తాకట్టు అడుగుతాయి. ఇవ్వకుండా నగదు పూచీ పెట్టడం, బండి తీసుకునే ముందే ఉన్న గీతలన్నిటికీ ఫొటోలు తీయడం తెలివైనవాళ్ల ఆచారం. ఇంతకీ బండి సగం, బకెట్ సగం రెండూ ఒకే వాక్యంలో కలిసి రావడం వల్ల రెండూ ఒకే రాత్రివని భ్రమ కలుగుతుంది. అక్కడి చట్టం రక్తంలో మద్యం వంద మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల దగ్గర గీత గీసింది, మనది 30 దగ్గర. పైన లెక్కగట్టిన సగం బకెట్ ఆ రెండు గీతలనూ గెంతేస్తుంది. కాబట్టి బకెట్ ఉన్న రాత్రి బండికి బాధ, అంటే ఆ రాత్రికి ఆ అంగం రద్దు. దాని స్థానంలో రాత్రంతా తిరిగే సాంగ్‌తేవ్‌లు వస్తాయి. వెనక ఎదురుబదురుగా రెండు బల్లలు వేసిన ట్రక్కులవి. పడినవాణ్ని ఆ బల్లమీద నిటారుగా కూర్చోబెట్టి, కొండమలుపుల్లో పక్కకు ఒరగకుండా భుజం ఆనించడం కూడా ‘చేర్చాలి’లోకే వస్తుంది.

ఒంటరిగా పోయేవాళ్ల సంగతేమిటని అందరికన్నా మర్యాదస్తుడైన ఆక్షేపకుడు అడుగుతాడు. వీపుసంచీ యాత్రికుల్లో ఒంటరివాళ్లు బోలెడుమంది, ఆడవాళ్లూ మగవాళ్లూ. వాళ్లూ పోతున్నారు, వస్తున్నారు. రెండోవాడే లేనిచోట మూడో వాక్యం అంగహీనం కాదా? ఒంటరిగా పోయేవాడు దీవిలో దిగిన గంటలో చేసే పనేమిటో చూస్తే జవాబు దొరుకుతుంది. ఎనిమిది మంచాల డార్మిటరీలో ఒక మంచం తీసుకుంటాడు. పక్కమంచంవాడిది ఏ దేశమని అడుగుతాడు. సాయంత్రం హాస్టల్‌వాళ్లు అందరికీ రంగులు పూసి, మణికట్లకు పట్టీలు కట్టి, గుంపుగా ట్రక్కెక్కిస్తారు. అంటే డబ్బిచ్చి ఒక రాత్రికి మిత్రుల్ని సమకూర్చుకున్నాడు. యజ్ఞానికి సోమలత దొరకకపోతే పూతీకం వాడమంది శాస్త్రం, వరిధాన్యం లేకపోతే నీవారం వాడమంది. ప్రతినిధిని వెతికారంటేనే అసలు ద్రవ్యం తప్పనిసరి అని అర్థం; అక్కరలేనిదానికి బదులు ఎవరూ వెతకరు. పూతీకానికి సోమరసపు రుచి ఉండదన్నది వేరే మాట. పక్కమంచంవాడికి మన ఇంటి ఫోన్ నంబరు తెలియదు, మనకు ఏ మందు పడదో తెలియదు. ఈ యాత్రాశాస్త్రపు తొలి సూత్రగ్రంథాల్లో ఒకటి రాసినవాళ్లు కూడా ఇద్దరే. టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు ఇంగ్లండ్ నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా చేరి, 1973లో తొలి కరదీపిక అచ్చువేసుకున్నారు. ఆ దారిలో ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు రూముకి చేర్చారో గ్రంథస్థం కాలేదు.

చివరిగా కాస్త కవిత్వం కలిపిన ఆక్షేపణ. అంత దూరం పోయేది దారి తప్పడానికే, నియమాలన్నీ ఒడ్డున వదిలేయడానికే. అలాంటిచోట కాపలాదారును వెంటబెట్టుకోవడం వేడుకకే విరుద్ధం అంటారు. కానీ తప్పిపోవడానికి, తప్పిపోయాడని గమనించే మనిషి ఒకడు కావాలి. ఎవరూ గమనించకపోతే అది ఒక చోటినుంచి ఇంకో చోటికి మారడం మాత్రమే. గుంపులోంచి మిత్రుడు కనబడకుండా పోయిన పది నిమిషాల్లో రెండోవాడు పడే కంగారులోనే ‘తప్పిపోవడం’ అనే క్రియ పూర్తవుతుంది. కాపలా అనే మాట కూడా ఇక్కడ అతకదు. కాపలాదారుకు జీతముంటుంది, వేళలుంటాయి, అతను లోపలికి రాడు. రెండోవాడు అదే రంగు పూసుకుని, అదే ఇసుకలో, అదే పాటకు గెంతుతూ, ఒక కన్ను మాత్రం మిత్రుడి చొక్కా మీద ఉంచినవాడు. వేడుకలో వాడి వాటా తగ్గిందని లెక్కగట్టడం కష్టం. తెల్లవారి ఆ రాత్రి సంగతులు పూసగుచ్చినట్టు చెప్పగలిగేది వాడొక్కడే. పడినవాడికి తన రాత్రి గురించి తెలిసేదంతా వాడు చెప్పిందే, అందులో ఎంత కలిపి చెప్పినా ఖండించే సాధనం లేదు. ఫలం అనే గుర్తు కోసం వేరే వెతకనక్కరలేదు.

పాఠాంతరం గురించి ఒక మాట. కొన్ని ప్రతుల్లో మూలం చివర ‘ఇంట్లో గోవా అని చెప్పు’ అని నాలుగో వాక్యం కనిపిస్తుంది. పాత వ్యాఖ్యాతలు దీన్ని ప్రక్షిప్తమని కొట్టేశారు. పాస్‌పోర్టు అక్కరలేని గోవాకు పాస్‌పోర్టు ఎందుకు తీసుకుపోతున్నావని అమ్మ అడిగే ప్రశ్నకు వాక్యంలో సమాధానం లేదన్నది వాళ్ల హేతువు. నవీనులు మాత్రం దీన్ని మూలభాగంగానే తీసుకుంటున్నారు. వీసా స్టిక్కరు అక్కరలేని రోజుల్లో అరలోంచి పాస్‌పోర్టు మాయమైన సంగతి ఎవరూ గమనించరని వాళ్ల వాదన. పిక్క మీది ఫంగన్ టాటూకు గోవా కథ అల్లాలంటే ఇద్దరి వాంగ్మూలమూ ఒకటి కావాలి కాబట్టి, ఈ వాక్యం కూడా రెండోవాడి బాధ్యతలోకే వస్తుందని కూడా అంటారు. ప్రస్తుత వ్యాఖ్యాత ఉభయపక్షాలనూ పరిశీలించి, సమాచారం అమ్మకు ముందే తెలుసన్న మూడో పక్షాన్ని స్వీకరిస్తున్నాడు.